కాళ్లకు నీళ్లు

మూడేళ్లలో మా జున్ను నన్ను చూసి ఒక్కసారి కూడా ఉచ్చ పోయలేదు. ఇది విని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. మా ఆయన పరశురాం నవ్వీ నవ్వీ అలసిపోయి ఇప్పుడు మానేశాడు. నా బాధ మాత్రం సగం చెబితే ఎవరికీ అర్థం కాదు, అందుకే మొదటి నుంచి చెబుతున్నాను.

జున్ను మా కుక్క. మా కుక్క అనడంలోనే గొడవంతా ఉంది. దాన్ని కొన్నది నా యారాలు దీప్తి, అంటే మా మరిది కృష్ణకాంత్ భార్య. వాళ్లిద్దరూ చౌటుప్పల్‌లో కిరాయికి ఉండేవాళ్లు. మరిదికి మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ, దీప్తి ఒక ప్రైవేటు బడిలో టీచరు. ల్యాబ్రడార్ అని నమ్మించి ఎవరో అంటగట్టారు గాని, తోక చూస్తే సగం మా ఊరి కుక్కే. ఒళ్లు మాత్రం అచ్చం జున్ను రంగు. ఇంటి ఓనరు కుక్క వద్దంటే వద్దన్నాడని ఒకరోజు ఆటోలో తెచ్చి మా వాకిట్లో దించింది.

"అక్కా, ఒక్క నెల ఉంచుకో. వేరే ఇల్లు దొరకంగనే తీస్కపోతం," అంది.

ఆ ఒక్క నెల మూడేళ్లయింది. ఆ మూడేళ్లూ దానికి అన్నంలో పెరుగు కలిపి పెట్టింది నేను. చెవుల్లో పిడుదులు ఒక్కొక్కటే తీసి నిప్పుల్లో వేసింది నేను. బత్తాయి తోటలో ముల్లు దిగి కాలు వాస్తే ముప్పావు గంట ఒడిలో పెట్టుకుని పిన్నీసుతో ముల్లు తీసింది నేను. మా బిడ్డ పెళ్లయి వెళ్లిపోయాక ఇంట్లో నా కొంగు వెనక తిరిగే ప్రాణి అదొక్కటే. నేను బట్టలు ఉతికితే బండ పక్కన పడుకుంటుంది, పొయ్యి ముందు కూర్చుంటే నా కాళ్లకు వీపు ఆనించుకుని పడుకుంటుంది.

అయితే నేను తోట నుంచి ఇంటికొస్తే ఏం చేస్తుందనుకున్నారు? పడుకున్నచోటే తోక రెండుసార్లు నేలకు కొడుతుంది. ముప్పై ఏళ్ల కాపురం చేసిన మొగుడు పేపరులోంచి తల ఎత్తకుండా "వచ్చినవా" అన్నట్టు. అంతే.

దీప్తి వచ్చినప్పుడు చూడాలి దాని సంగతి. నెలకు రెండు ఆదివారాలు వస్తారు వాళ్లు. మరిది బండి చప్పుడు వీధి మలుపులో వినబడగానే జున్నుకు పూనకం వస్తుంది. వాకిట్లో గిరగిరా తిరుగుతుంది, ఏడుపులాంటి కూత పెడుతుంది. మా ఇంట్లో ఒక మర్యాద ఉంది, మా అత్త నేర్పి పోయింది. ఊరి నుంచి ఎవరొచ్చినా సరే, దర్వాజ దగ్గర చెంబుతో కాళ్లకు నీళ్లిచ్చిన తర్వాతే లోపలికి పిలవాలి. నేను చెంబు పట్టుకుని నిలబడతాను. దీప్తి చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, కాళ్లు కడుక్కోవడానికి వంగుతుంది. వంగి, "జున్నూ, నా బంగారూ" అంటుంది. అప్పుడు జున్ను చెవులు వెనక్కి పెట్టి, నడుము నేలకు ఆనించి, ఒళ్లంతా మెలికలు తిప్పుతూ ఆమె కాళ్ల మీద ఉచ్చ పోస్తుంది.

"నీకంటే ముందు కుక్కనే కాళ్లకు నీళ్లిచ్చింది చూడే," అన్నాడు మా ఆయన మొదటిసారి. వీధి అరుగుల మీద ఉన్న ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వారు.

దీప్తి కూడా నవ్వింది. కోపం రాలేదు ఆమెకు, అసహ్యమూ లేదు. "ప్రేమక్కా గది. కడుపుల పట్టక బయటికొస్తాంది," అంది.

ప్రేమ ఆమెకు, గుడ్డ పట్టుకుని తుడిచేది నేను. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. ఆ రోజు గడప తుడుస్తూ నేను కళ్లలో నిప్పులు పోసుకున్నాను. దాచడం ఎందుకు, మూడేళ్లు అవి ఆరలేదు.

ఒకసారి మహిళా సంఘం వాళ్లతో కలిసి యాదగిరిగుట్టకు వెళ్లి రెండు రోజులు ఉండి వచ్చాను. దారి పొడుగునా ఇదే ఆలోచన. రెండు రోజులు నేను కనబడలేదు కదా, ఈసారి నన్ను చూసి ఏమైనా అవుతుందేమో అని. వాకిట్లో అడుగు పెట్టగానే గొంతు సన్నగా చేసి దీప్తిలాగే "జున్నూ, నా బంగారూ" అన్నాను. జున్ను లేచి వచ్చింది, తోక ఊపింది, నా చేతిలో సంచి వాసన చూసి అందులో ఉన్న పులిహోర పొట్లం మీద మూతి పెట్టింది. నేల మాత్రం ఎండిపోయిన చెరువులా పొడిగా ఉంది. మా ఆయన అరుగు మీద కూర్చుని అంతా చూశాడు.

"కుక్క ఉచ్చకు పోటీపడే ఆడిదాన్ని నిన్నే చూసిన," అన్నాడు.

"నీకేం తెలుస్తది," అని లోపలికి వెళ్లిపోయాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు, నేను పెరటి చెట్టును. అంతకంటే చెప్పడానికేం లేదు.

ఇక్కడివరకు అయితే నా కడుపుమంట నాలోనే ఉండి పోయేది. కానీ వాళ్లు చౌటుప్పల్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఒక ఆదివారం భోజనాల దగ్గర దీప్తి చెప్పింది.

"అక్కా, దసరాకు కొత్త ఇంట్లకు పోతున్నం. ఇంక జున్నును తీస్కపోతం. నీకెన్ని తిప్పలు పెట్టినమో."

చేతిలో ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాను. తిప్పలు పెట్టారని నేను ఎప్పుడన్నాను?

"తీస్కపోవుడు అప్పుడే కాదు," అన్నాడు మా మరిది. "ఇల్లంత తెల్ల టైల్స్ ఏపిచ్చిన. నువ్వు బడి నుంచి వచ్చినప్పుడల్ల ఇది గిట్ల పోస్తే నాతోని కాదు. ఉచ్చ బందయితేనే తెద్దం. లేకుంటే వదిన దగ్గరనే ఉండనీ."

దీప్తి నా వైపు తిరిగి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నాకు బడిల సెలవు దొరకదు. జర నువ్వే దవాఖానల చూపియ్యవా? ఏమన్న రోగమేమో."

చూపిస్తానన్నాను. ఏ దేవుడికి మొక్కానో చెప్పను గాని, ఇది తగ్గే రోగం కాకూడదని మాత్రం మొక్కాను.

మండలంలో పశువుల దవాఖానకు కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది, పేరు మనస్విని. పాతికేళ్లు దాటి ఉండవు. జున్ను ఉచ్చ సీసాలో పట్టుకు రమ్మంది, పరీక్ష చేసింది, పొట్ట నొక్కి చూసింది. చూశాక చేతులు కడుక్కుంటూ అంది.

"రోగమేం లేదమ్మా. ఇది ఎప్పుడెప్పుడు పోస్తది? ఎవర్ని చూసి?"

చెప్పాను. బండి చప్పుడు నుంచి మొదలుపెట్టి చెంబు వరకు అంతా చెప్పించుకుంది. నేను చెంబు మాట అనగానే ఆగి, "కాళ్లు కడుక్కునే జాగలనేనా? ఆమె వంగినప్పుడేనా?" అని మళ్లీ అడిగింది. ఔనన్నాను.

"అయితే కారణం మీ చెంబేనమ్మా," అంది. "ఎన్ని రోజులకో ఇష్టమైన మనిషి వస్తది. అందరు ఒక్కసారే మాట్లాడుతరు. ఆ మనిషి అక్కడనే నిలబడి దాని మీదికి వంగుతది. వంగితే కుక్కకు పెద్ద మనిషి మీదికొచ్చినట్టుంటది. ఒకపక్క సంతోషం, ఇంకోపక్క నేను నీకంటే చిన్నదాన్ని అని చెప్పుకునుడు. రెండూ కలిసి ఉచ్చ ఆగదు. కావాలని చేసేది కాదు."

మందు ఏమీ రాయలేదు. చేయవలసింది మాత్రం చెప్పింది. వాళ్లు వచ్చే ముందు జున్నును బయట తిప్పి ఉచ్చ పోయించాలి. దీప్తి వచ్చినప్పుడు కాళ్లకు నీళ్లివ్వకూడదు. ఎవరూ పలకరించుకోకూడదు. దీప్తి దాని వైపు చూడకుండా, మాట్లాడకుండా, వంగకుండా నేరుగా లోపలికొచ్చి కూర్చోవాలి. పది నిమిషాలకు అది చల్లబడ్డాక, కూర్చున్నచోటి నుంచే మెల్లగా పిలిచి, తల మీద కాకుండా గదవ కింద, అంటే గడ్డం కింద నిమరాలి. కొన్ని వారాలు ఇట్లా చేస్తే ఆగిపోతుంది.

"ఒకటి మాత్రం యాదుంచుకోండి," అంది. "పోసినందుకు తిట్టొద్దు, కొట్టొద్దు. ఇప్పుడు సంతోషానికి పోస్తాంది. కొడితే రేపటి నుంచి భయానికి పోస్తది. దాన్ని మాన్పుడు శాన కష్టం."

నేను లేచాను. గడప దాకా వచ్చి, ఆగలేక వెనక్కి తిరిగాను.

"డాక్టరమ్మా, మరి నన్ను చూసి ఎందుకు పోయదు? పెంచినదాన్ని నేనే గద."

ఆ పిల్ల నవ్వింది. "మీ ఇంట్ల మీకు ఎవరన్న కాళ్లకు నీళ్లిస్తరా అమ్మా?"

"నాకెందుకిస్తరు? నేను ఇంటిదాన్నే గద."

"అదే మరి," అని ఇంకొకరి మేకపిల్ల వైపు తిరిగింది.

ఆ మాట నాకు ఆ రోజు ఎక్కలేదు. నా చెవుల నిండా ఒకటే ఉంది. పది నిమిషాలు పలకరించకపోతే చాలు, జున్ను నా ఇంట్లోంచి వెళ్లిపోతుంది.

సాయంత్రం దీప్తి ఫోను చేసింది. "డాక్టరమ్మ ఏమన్నదక్కా?"

"రోగమేం లేదన్నది," అన్నాను.

అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. అక్కడ ఆపేశాను, అంతే. దీప్తి "అయ్యో, మరెట్ల" అని నిట్టూర్చి పెట్టేసింది. నేను జున్ను పక్కన కూర్చుని దాని చెవి వెనక గోకుతూ, నేనేం తప్పు చెప్పలేదని నాకు నేనే పదిసార్లు చెప్పుకున్నాను.

తర్వాతి ఆదివారం వాళ్లు వచ్చారు. నేను చెంబు కాదు, బిందె పెట్టుకుని నిలబడ్డాను. ఇంటికొచ్చిన ఆడబిడ్డలాంటి మనిషికి కాళ్లకు నీళ్లివ్వకపోతే మర్యాదేనా? దీప్తి ఆ రోజు కొత్త నారాయణపేట చీర కట్టింది, ఎర్ర అంచుది. "నిండుగ కడుక్కో, దుమ్మున పడి వచ్చినవ్," అంటూ రెండు చెంబులు పోశాను. ఆమె ఎంతసేపు వంగి ఉంటే అంత మంచిదని నాకు తెలుసు. జున్ను ఆ చీర అంచు నిండా పోసింది. మా మరిది మొహం నల్లబడింది. "చూసినవా, ఇది మారేది కాదు," అన్నాడు. నేను గుడ్డ తెచ్చి తుడిచాను. ఆ ఒక్కరోజు తుడుస్తుంటే నాకు కడుపు మండలేదు. సంతోషంగా ఉంది.

చీర నేనే ఉతికి ఆరేస్తుంటే దీప్తి వచ్చి, "నీ ఓపికకు దండం పెట్టాలె అక్కా," అంది. ఆమె మొహం చూడలేక చీరను ఇంకోసారి నీళ్లలో ముంచాను.

ఆ తర్వాతి ఆదివారం మళ్లీ అదే చెంబు, అదే గడప. కానీ ఈసారి జున్ను పోసింది దీప్తి కాళ్ల మీద కాదు. మెలికలు తిరుగుతూ పక్కకు వచ్చి మా మరిది ప్యాంటు మీద పోసింది. డబుల్ డ్యూటీ దిగి నిద్ర లేకుండా వచ్చాడేమో, కాలి చెప్పు తీసి దాని మొహం మీద కొట్టాడు. ఒకటి కాదు, మూడు.

"కొట్టకు, కొట్టకు," అని దీప్తి అడ్డం పడింది. జున్ను కుయ్యోమంటూ వచ్చి నా కాళ్ల మధ్యలో దూరింది. ఎప్పుడు భయమేసినా అది దూరేది అక్కడే. నేను ఏం చేయాలో అది చేయలేదు. అందరూ నన్నే చూస్తున్నారనిపించింది. డాక్టరమ్మ మాటలు నా మొహం మీద రాసి ఉన్నాయేమో, వాళ్లు చదువుతున్నారేమో అనిపించింది. చెంబు ఎత్తి, "ఛీ, పో అవతలికి," అని గట్టిగా అరిచాను. చెంబులో మిగిలిన నీళ్లు దాని మీద పడ్డాయి.

జున్ను నన్ను చూసింది. తర్వాత పెరట్లో కట్టెల మోపు వెనక్కి పోయి, వాళ్లు వెళ్లేదాకా బయటికి రాలేదు.

వెళ్లేటప్పుడు దీప్తి కళ్లు వాచి ఉన్నాయి. "ఇంక నేను రానక్కా," అంది. "నన్ను చూస్తేనే గద దానికి గిట్లయితాంది. నేను రాకుంటే దానికి దెబ్బలు తప్పుతయి. జున్ను నీ దగ్గరనే ఉండనీ. నీకంటె మంచిగ ఎవరు చూస్తరు."

గెలిచాను. మూడేళ్ల మంట ఆ ఒక్క మాటతో ఆరాలి. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టిందంటే మీరు నమ్మరు గాని, పట్టింది.

పొద్దున్నే పెరుగన్నం గిన్నె పట్టుకుని కట్టెల మోపు దగ్గరికి వెళ్లాను. "జున్నూ, దా," అని గిన్నె కింద పెట్టడానికి వంగాను.

జున్ను చెవులు వెనక్కి పెట్టింది. నడుము నేలకు ఆనించింది. మొహం పక్కకు తిప్పుకుని, కళ్లు మూసుకుని, ఒళ్లంతా వణుకుతూ నా ముందు ఉచ్చ పోసింది.

మూడేళ్లు నేను దేని కోసం ఏడ్చానో అది దొరికింది. గిన్నె పట్టుకుని అట్లాగే కూలబడ్డాను. అది నేను దగ్గరికి జరిగానని ఇంకా వెనక్కి నక్కింది. గోడ తగిలి ఆగిపోయింది. దాని కింద మట్టి ఇంకా తడుస్తూనే ఉంది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, నేను అడుసును చేతులారా కలిపి తొక్కాను. పాడు బుద్ధి నాది. ఆ కుక్క ఎవరిదన్న పంతంలో దానికి ఉన్న రెండు దిక్కులూ లేకుండా చేశాను.

మా ఆయన వచ్చి చూసి, ఈసారి నవ్వలేదు. "ఏమైందే?" అన్నాడు. చెప్పాను, డాక్టరమ్మ చెప్పింది, నేను దాచింది, అన్నీ. ఆయన లోపలికి వెళ్లి ఫోను తెచ్చాడు. "ముందుగాల దీప్తికి చెప్పు," అని ఫోను నా చేతిలో పెట్టాడు.

దీప్తి బడికి బయల్దేరుతూ ఉంది. "డాక్టరమ్మ చెప్పింది నీకు నేను సగమే చెప్పిన," అన్నాను. మిగతా సగం అప్పుడు చెప్పాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను. అటువైపు బస్సు హారన్ వినబడింది.

"నాకు చెప్పి ఉంటే దెబ్బలు తప్పేవి గదక్కా దానికి," అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అన్నా నేను తట్టుకునేదాన్ని. ఆమె అనలేదు.

"వచ్చే ఆదివారం రా," అన్నాను. "ఈసారి నీకు కాళ్లకు నీళ్లియ్య. పలకరియ్య. నువ్వు గూడ మాట్లాడకు."

ఆదివారం వచ్చేలోపు నా పని నాకు ఉంది. మళ్లీ దవాఖానకు పోయి డాక్టరమ్మను అడిగాను. దాని మీదికి వంగొద్దు, పిలవొద్దు, కళ్లలోకి చూడొద్దు, పక్కకు తిరిగి కూర్చుని నీ పని నువ్వు చేసుకో, దానంతట అదే రానీ అంది. రోజూ పొద్దున ఒక చాట పల్లికాయ ముందర వేసుకుని కట్టెల మోపుకు వీపు పెట్టి కూర్చునేదాన్ని. ఒక్కో కాయ ఒలుస్తూ, ఒక్కో గింజ వెనక్కి విసిరేదాన్ని. మొదటి రోజు గింజలు అక్కడే ఉన్నాయి, చీమలు పట్టుకుపోయాయి. నాలుగో రోజు నమిలిన చప్పుడు వినబడింది. ఐదో రోజు నా వీపుకు వెచ్చగా ఏదో ఆనింది. తిరిగి చూడొద్దన్నారు కాబట్టి చూడలేదు, ఒలుస్తూ కూర్చున్నాను. ఒలిచిన గింజలకంటే చాటలో పడ్డ కన్నీళ్లే ఎక్కువ ఆ పూట.

ఆదివారం బండి చప్పుడు వినబడే ముందే మా ఆయన జున్నును ఊరి బయట చెలక దాకా తిప్పి తెచ్చాడు. దీప్తి గడప దగ్గరికి వచ్చింది. నేను చెంబు పట్టుకోలేదు. గోడ వైపు తిరిగి బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. వచ్చినవా అనలేదు, తల ఎత్తలేదు. దీప్తి కూడా నన్ను చూడకుండా, జున్నును చూడకుండా, దుమ్ము కాళ్లతో లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుంది.

ఎదురింటి నర్సింగమ్మ అరుగు మీదినుంచి అంతా చూసింది. "ఏందే రమా, యారాలికి కాళ్లకు నీళ్లు గూడ ఇయ్యకపోతివి. కొత్త ఇల్లు కట్టిండ్రని కండ్లు మండుతున్నయా?" అంది.

నాకు నవ్వొచ్చింది. కళ్లు మండినన్నాళ్లు నేను బిందెలతో నీళ్లిస్తే ఊరంతా నన్ను మంచి కోడలంది. ఇప్పుడు మంట ఆర్పుకుంటుంటే కుళ్లుబోతు అంటోంది. అననీ. ఆమెకు జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే జున్ను మళ్లీ గిరగిరా తిరగడం మొదలుపెడుతుందని నోరు మూసుకున్నాను.

ఆ రోజు నాలుగు చుక్కలు పడ్డాయి. తర్వాతి వారం ఒకటో రెండో. మా మరిది కూడా దారికొచ్చాడు, చేతులు జేబులో పెట్టుకుని గోడను చూస్తూ నడిచేవాడు. నాలుగో ఆదివారం, దసరా రేపనగా, గడప పొడిగా ఉంది. పది నిమిషాలయ్యాక దీప్తి కూర్చున్నచోటి నుంచి మెల్లగా పిలిచింది. జున్ను మామూలుగా నడుచుకుంటూ వెళ్లి ఆమె మోకాలి మీద గదవ పెట్టింది. దీప్తి గదవ కింద నిమురుతూ నా వైపు చూసింది. తీసుకెళ్లనా అని అడగలేదు. నేనే లోపలికి వెళ్లి దాని గిన్నె, గొలుసు, అది పడుకునే గొంగడి ముక్క తెచ్చి ఇచ్చాను.

దసరా పోయింది, దీపావళి పోయింది. కొత్త ఇంట్లోకి దిగిన రోజు నాకు విషజ్వరం వచ్చి మా ఆయన ఒక్కడే వెళ్లొచ్చాడు. రెండు నెలల తర్వాత ఒక శనివారం బత్తాయిల సంచి పట్టుకుని చౌటుప్పల్ బస్సెక్కాను. జున్నును చూసి వంగకూడదు, పలకరించకూడదు అని దారంతా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. తెల్ల టైల్స్ పాడు చేయించిన పేరు నాకొద్దు.

గేటు తీసింది దీప్తి. ఆమె చేతిలో చెంబు ఉంది.

"ఎందుకే, వద్దు," అన్నాను.

"మొదటిసారి మా ఇంటికొచ్చినవక్కా. నీకు కాళ్లకు నీళ్లియ్యకుంట ఎట్ల పిలుస్త?" అంది.

అత్త నేర్పిన మర్యాద కాదనలేక చెప్పులు విడిచి, చీర ఎత్తిపట్టుకుని వంగాను. లోపలి నుంచి టైల్స్ మీద గోళ్లు జారుతున్న చప్పుడు, ఏడుపులాంటి కూత. నేను చూడొద్దనే అనుకున్నాను. చూశాను. జున్ను చెవులు వెనక్కి పెట్టి, నడుము నేలకు ఆనించి, ఒళ్లంతా మెలికలు తిప్పుతూ, తోకతో నేలను ఊడుస్తూ వచ్చి నా కాళ్ల మీద వెచ్చగా పోసింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. కళ్లు మూసుకోలేదు. నా మొహంలోకే చూస్తూ పోసింది.

నేను అట్లాగే వంగి ఉండిపోయాను. మీ ఇంట్లో మీకు ఎవరైనా కాళ్లకు నీళ్లిస్తారా అని డాక్టరమ్మ అడిగిన మాట అప్పుడు ఎక్కింది. పాదాల మీద ఆ వెచ్చదనం నాకు మూడేళ్లుగా కావాలి. ఇప్పుడొచ్చింది, నేను చుట్టాన్నయ్యాక.

తలెత్తితే దీప్తి చెంబు పట్టుకుని నన్నే చూస్తోంది. పెదాల మీద నవ్వుంది గాని కళ్లలో లేదు. ఆ చూపు నాకు తెలుసు. మూడేళ్లు అద్దంలో చూసుకున్న చూపే అది.

"నాకిప్పుడు పోస్తలేదక్కా," అంది. "బడి నుంచి వస్తె పడుకున్నకాడనే తోక రెండుసార్లు కొడతది. గంతే."

డాక్టరమ్మ మాట చెబుదామనుకున్నాను. నోటికి వచ్చింది మాత్రం వేరే మాట. "గుడ్డ ఏడున్నది? నేను తుడుస్త," అన్నాను.

"నువ్వు కూసో అక్కా," అని దీప్తి నా చేతిలోంచి బత్తాయిల సంచి తీసుకుని పక్కన పెట్టింది. అప్పటి మరక వదలని ఎర్ర అంచు నారాయణపేట చీర చింపిన ముక్క ఒకటి తెచ్చి, నా కాళ్ల చుట్టూ వంగి తనే తుడిచింది.